హేగే రీసే కోచ్‌గా విఫలమయ్యారా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. నార్వే మహిళల ఫుట్‌బాల్ జట్టు తరఫున 188 మ్యాచ్‌లు ఆడి ప్రపంచ కప్పు, ఒలింపిక్ స్వర్ణం, యూరోపియన్ టైటిల్ మూడూ గెలిచిన హేగే రీసే 2023లో అదే నార్వే జట్టు కోచ్ పదవిని ఏడాది దాటగానే వదులుకోవలసి వచ్చింది కదా, గొప్పగా ఆడినవారు గొప్పగా నేర్పలేరనడానికి ఇది రుజువు కాదా అన్నది మొదటిది. విశ్వవిద్యాలయ స్థాయి దాకా ఆడి మానేసిన మీరు ఇప్పుడు శిక్షణ వైపు రావాలనుకుంటే ఆమె దారి నుంచి ఏమి తీసుకోవచ్చు అన్నది రెండవది. అనంతపురం జిల్లాలో ఇరవై ఏళ్ళకు పైగా ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. అంతకు ముందు నుంచీ మహిళల ఫుట్‌బాల్‌ను దొరికిన ప్రతి మార్గంలోనూ గమనిస్తూ వస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: రీసే కోచ్‌గా విఫలమయ్యారన్న మాటతో నేను ఏకీభవించను. ఆమెకు బాగా తెలిసిన కోచింగ్ ఒకటి, 2022లో ఆమె చేతిలో పెట్టిన కోచింగ్ వేరొకటి. ఈ తేడా అర్థం కావాలంటే ఆమె ఆడిన రోజుల నుంచి మొదలుపెట్టాలి.

రీసే 1969 జూలై 18న ఓస్లో పక్కనున్న లోరెన్స్‌కోగ్‌లో పుట్టారు. నార్వే ఫుట్‌బాల్ సంఘం మహిళల ఆటను అధికారికంగా గుర్తించింది 1976లో మాత్రమే, అంటే అప్పటికి ఆమెకు ఏడేళ్ళు. తరువాత పదేళ్ళకు, 1986లో మెక్సికో నగరంలో జరిగిన ఫిఫా మహాసభలో ఎల్లెన్ విల్లె అనే నార్వే ప్రతినిధి లేచి, మహిళలకు ప్రపంచ కప్పు పెట్టాలని, ఒలింపిక్స్‌లో చోటివ్వాలని అడిగారు. ఆ సభలో ఒక మహిళ మాట్లాడటం అదే మొదటిసారి. 1987లో నార్వే తన సొంత గడ్డపై యూరోపియన్ టైటిల్ గెలిచింది. మరుసటి ఏడాది ఫిఫా చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో ప్రయోగాత్మకంగా నిర్వహించిన టోర్నమెంట్‌నూ గెలిచింది. అంటే రీసే జాతీయ జట్టులోకి వచ్చే నాటికి నార్వే మహిళల ఆట ప్రపంచంలో ముందు వరుసలో ఉంది. ఇది గుర్తు పెట్టుకోండి. ఆమె కోచ్ అయ్యేనాటికి ఆ ముందు వరుస చాలా దూరం జరిగిపోయింది. 2023 ఫలితాలను కొలిచేవారు తరచుగా 1995 నాటి కొలబద్దనే వాడుతుంటారు.

ఆమె క్లబ్ ఆట స్వీడన్ సరిహద్దుకు దగ్గరగా ఉండే ఔర్‌స్కోగ్-హోలాండ్ ప్రాంతపు జట్టు సెట్‌స్కోగ్‌లో రూపుదిద్దుకుంది. అడవుల మధ్య ఉన్న ఆ చిన్న చోటి నుంచి 1990లో జాతీయ జట్టుకు వచ్చారు. 1991లో చైనాలో జరిగిన మొట్టమొదటి మహిళల ప్రపంచ కప్పులో ఆడారు. అప్పుడు మ్యాచ్‌కు 80 నిమిషాలే. ఆ టోర్నమెంట్ తొలి మ్యాచ్‌లో చైనా చేతిలో 4-0తో ఓడిన నార్వే, ఫైనల్ దాకా వెళ్ళి అమెరికా చేతిలో 2-1తో ఓడింది. అమెరికా రెండు గోల్స్‌నూ మిషెల్ ఏకర్స్ కొట్టింది, రెండవది 78వ నిమిషంలో. ఆ ఓటమి నుంచే తరువాతి పదేళ్ళ నార్వే-అమెరికా పోటీ మొదలైంది. 1993లో ఇటలీలోని చెసేనాలో ఆతిథ్య జట్టును 1-0తో ఓడించి నార్వే యూరప్ విజేత అయింది. రీసేకు మొదటి పెద్ద టైటిల్ అదే.

ఇక 1995. స్వీడన్‌లో జరిగిన ఆ ప్రపంచ కప్పు గురించి నేను కొంచెం ఎక్కువగా రాస్తాను, ఎందుకంటే రీసే ఎలాంటి క్రీడాకారిణో తెలిసేది అక్కడే. నార్వే మొత్తం 23 గోల్స్ కొట్టి ఒక్కటే ఇచ్చింది. నైజీరియాపై 8, ఇంగ్లండ్‌పై 2, కెనడాపై 7, క్వార్టర్ ఫైనల్‌లో డెన్మార్క్‌పై 3-1, సెమీ ఫైనల్‌లో అమెరికాపై 1-0, జూన్ 18న సోల్నాలోని రాసుందా స్టేడియంలో జర్మనీపై 2-0. కోచ్ ఏవెన్ పెల్లెరూడ్ జట్టు ఆడే పద్ధతి చాలా సూటిగా ఉండేది. వెనుక నుంచి బంతిని పొడవుగా పైకి పంపడం, ఎత్తయిన అన్ క్రిస్టిన్ ఓరొనెస్ దాన్ని తలతో గెలవడం, చుట్టూ ఉన్నవారు వెంటనే మీద పడటం. ఈ పద్ధతిని మొరటు ఆట అని అప్పట్లో చాలామంది చిన్నచూపు చూశారు. కానీ అలా కింద పడిన రెండో బంతిని అందుకుని, తల ఎత్తి చూసి, దాన్ని ఎక్కడికి పంపాలో ఒక్క క్షణంలో తేల్చే మనిషి ఆ జట్టు నడుమ లేకపోతే ఆ పద్ధతి గాలిలో బంతిని ఎగరేయడంతోనే ఆగిపోయేది. ఆ మనిషి రీసే.

ఫైనల్ వానలో జరిగింది. 37వ నిమిషంలో రీసే తానే బంతిని తీసుకుని జర్మనీ డిఫెండర్లను దాటుకుని వెళ్ళి మొదటి గోల్ కొట్టారు. మూడు నిమిషాలకు మరియానే పెట్టర్‌సెన్ రెండవది కొట్టింది. టోర్నమెంట్‌లో రీసే గోల్స్ 5. ఆరు గోల్స్‌తో ఓరొనెస్‌కు అత్యధిక గోల్స్‌కు ఇచ్చే గోల్డెన్ బూట్ దక్కితే, ఉత్తమ క్రీడాకారిణికి ఇచ్చే గోల్డెన్ బాల్ రీసేకు దక్కింది. మిడ్‌ఫీల్డ్‌లో ఆడేవారి గొప్పతనం అంకెల్లో కనిపించడం అరుదు కాబట్టి ఆ బహుమతిని నేను చాలా విలువైనదిగా భావిస్తాను.

అక్కడి నుంచి ఆమె జపాన్ వెళ్ళి నిక్కో సెక్యూరిటీస్ జట్టులో ఆడారు. అప్పట్లో మహిళల ఫుట్‌బాల్‌కు జీతాలిచ్చి విదేశీయులను పిలిపించుకోగలిగింది పెద్ద కంపెనీల అండ ఉన్న జపాన్ లీగ్ ఒక్కటేనని చెప్పినా పెద్దగా తప్పు కాదు. ఆమెతో పాటు నార్వే స్ట్రైకర్ లిండా మెడాలెన్ కూడా ఆ జట్టులో ఉండేది. 1996లో ఆ జట్టు లీగ్ గెలిచింది. అదే ఏడాది అట్లాంటా ఒలింపిక్స్‌లో, మహిళల ఫుట్‌బాల్ మొట్టమొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చినప్పుడు, నార్వే సెమీస్‌లో అమెరికా చేతిలో గోల్డెన్ గోల్‌తో (అదనపు సమయంలో ముందుగా గోల్ కొట్టినవారే గెలిచే పద్ధతి) ఓడి, బ్రెజిల్‌ను ఓడించి కాంస్యం తీసుకుంది. తరువాత రీసే స్వదేశంలోని ఆస్కర్ క్లబ్‌లో చేరారు, ఆ క్లబ్ 1998లోనూ 1999లోనూ లీగ్ గెలిచింది. 1999 ప్రపంచ కప్పు మాత్రం చేదుగా ముగిసింది. సెమీస్‌లో చైనా 5-0తో ఓడించింది, మూడో స్థానం పోటీలో బ్రెజిల్ పెనాల్టీలపై గెలిచింది.

2000 సెప్టెంబరు 28న సిడ్నీలో జరిగిన ఒలింపిక్ ఫైనల్ ఆమె కెరీర్‌కు రెండవ శిఖరం. గ్రూప్ దశలో తమను 2-0తో ఓడించిన అమెరికానే ఎదురుగా ఉంది. ఐదో నిమిషంలోనే టిఫనీ మిల్‌బ్రెట్ అమెరికాకు ఆధిక్యం ఇచ్చింది. విరామానికి ముందు గ్రో ఎస్పెసెత్ సమం చేసింది, 78వ నిమిషంలో రాగ్న్‌హిల్ గుల్‌బ్రాన్‌సెన్ నార్వేను ముందుకు తెచ్చింది, అదనపు నిమిషాల్లో మిల్‌బ్రెట్ మళ్ళీ సమం చేసింది. చివరికి 102వ నిమిషంలో డాగ్నీ మెల్‌గ్రెన్ కొట్టిన గోల్డెన్ గోల్‌తో 3-2గా ముగిసింది. అప్పుడు రీసే వయసు 31. ఆ తరువాత అమెరికాలో కొత్తగా వచ్చిన వృత్తిపరమైన లీగ్‌లో కరోలినా కరేజ్ జట్టుకు ఆడి 2002లో టైటిల్ గెలిచారు. ఆ లీగ్ 2003లో డబ్బు లేక మూతపడింది. 2004లో అంతర్జాతీయ ఆటకు వీడ్కోలు చెప్పేటప్పటికి ఆమె ఖాతాలో 188 మ్యాచ్‌లు, 58 గోల్స్ ఉన్నాయి. లోరెన్స్‌కోగ్‌కు ఎంతో దూరం లేని స్ట్రోమెన్ జట్టులో క్లబ్ ఆట ముగించి, అక్కడే శిక్షణ బాధ్యతల్లోకి అడుగుపెట్టారు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వస్తాను. గొప్ప క్రీడాకారులు నేర్పలేరన్న మాట ఎందుకు పుట్టిందో నాకు స్వయంగా తెలుసు. నేను గొప్ప ఆటగాణ్ణి కాకపోయినా, మొదటి రెండు సంవత్సరాలు నాకు తేలికగా వచ్చిన పనినే పిల్లలకు నేర్పలేకపోయాను. బంతిని పాదం లోపలి వైపుతో ఆపడం ఎలాగో మాటల్లో చెప్పవలసి వచ్చినప్పుడు నోరు పెగలలేదు, ఎందుకంటే నేను ఆ పనిని ఎన్నడూ మాటల్లో నేర్చుకోలేదు. రీసే స్థాయి వారికి ఈ ఇబ్బంది ఇంకా పెద్దది. రెండో బంతి ఎక్కడ పడుతుందో ఆమెకు ముందే తెలిసేది. ఆ తెలియడాన్ని ముక్కలు చేసి ఇంకొకరికి అందించాలంటే మొదట దాన్ని తన నుంచి విడదీసి చూడగలగాలి. అందుకు కాలం కావాలి, ఆ పనిని బాగా చేసే ఇంకొకరి పక్కన కొన్నేళ్ళు నిలబడాలి.

రీసేకు ఆ అవకాశం 2009లో వచ్చింది. అమెరికా మహిళల జట్టు కోచ్‌గా ఉన్న పియా సుంద్‌హాగె ఆమెను సహాయ కోచ్‌గా తీసుకున్నారు. సుంద్‌హాగె కూడా మాజీ క్రీడాకారిణే. 1984లో మొదటి యూరోపియన్ పోటీ ఫైనల్‌లో స్వీడన్‌కు విజయం తెచ్చిన పెనాల్టీ ఆమెదే. ఇరుగుపొరుగు దేశాల ఈ ఇద్దరూ కలిసి, నార్వేకు పదేళ్ళపాటు ప్రధాన ప్రత్యర్థిగా నిలిచిన అమెరికాను నడిపించడం నాకు ఎప్పుడూ ఎంతో ఆసక్తి కలిగించే విషయం. 2011 ప్రపంచ కప్పు క్వార్టర్ ఫైనల్‌లో 122వ నిమిషంలో ఏబీ వాంబాక్ తలతో కొట్టిన గోల్‌తో ఆ జట్టు బ్రెజిల్ చేతిలో ఓటమి తప్పించుకుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగిన ఫైనల్‌లో మాత్రం జపాన్ చేతిలో పెనాల్టీలపై ఓడింది. మరుసటి ఏడాది లండన్ ఒలింపిక్స్ ఫైనల్‌లో అదే జపాన్‌ను 2-1తో ఓడించి స్వర్ణం గెలిచింది.

ప్రపంచ కప్పు గోల్డెన్ బాల్ అందుకున్న వ్యక్తి నాలుగేళ్ళపాటు మరొకరి పక్కన రెండో కుర్చీలో కూర్చోవడాన్ని నేను ఆమె కోచింగ్ జీవితంలో అత్యంత ముఖ్యమైన నిర్ణయంగా చూస్తాను. మన దగ్గర సహాయ కోచ్ అంటే కోన్లు సర్దేవాడు, బంతులు మోసేవాడు అన్న అభిప్రాయం బలంగా ఉంది. నిజానికి క్రీడాకారిణులు ప్రధాన కోచ్‌తో చెప్పలేని మాటలు చెప్పుకునేది సహాయ కోచ్‌తోనే. ఆడించని అమ్మాయి ముఖం ఎలా ఉందో దగ్గరగా చూసేదీ ఆమే. తుది నిర్ణయపు భారం మీద లేనప్పుడు, ఆ నిర్ణయం ఎలా తయారవుతుందో ప్రశాంతంగా గమనించే వీలుంటుంది.

స్వదేశానికి తిరిగి వచ్చాక ఆమె పేరు ఎక్కువగా వినిపించింది ఎల్‌ఎస్‌కే క్వినర్ క్లబ్‌తో. ఆమె చివర ఆడిన స్ట్రోమెన్ జట్టే ఆ పేరుతో కొనసాగింది. క్వినర్ అంటే నార్వే భాషలో మహిళలు. ప్రధాన కోచ్‌గా ఆమె ఆధ్వర్యంలో ఆ జట్టు 2017, 2018, 2019లో వరుసగా మూడుసార్లు లీగ్ గెలిచింది. 2018-19లో ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్‌కు చేరి బార్సిలోనా చేతిలో ఓడింది. ఒక చిన్న నార్వే క్లబ్ యూరప్ చివరి ఎనిమిది జట్లలో నిలవడం ఎంత పెద్ద విషయమో ఆ క్లబ్‌ల బడ్జెట్ల తేడా తెలిసినవారికి వివరించనక్కర లేదు. 2020లో ఫిఫా ఉత్తమ మహిళా జట్టు కోచ్ బహుమతికి ఎంపిక చేసిన ఏడుగురిలో ఎమ్మా హేస్, సరీనా వీగ్‌మన్ వంటి వారితో పాటు ఆమె పేరు కూడా ఉంది.

ఆ మూడేళ్ళలో ఆమె దగ్గర ఆడినవారిని చూడండి. గూరో రైటెన్ 2019లో అక్కడి నుంచి చెల్సీకి వెళ్ళి ఇంగ్లండ్ లీగ్‌లో ప్రముఖ క్రీడాకారిణి అయింది. ఇంగ్రిడ్ సిర్‌స్టాడ్ ఎంగెన్ అదే ఏడాది వోల్ఫ్స్‌బర్గ్‌కు, తరువాత బార్సిలోనాకు వెళ్ళింది. నా దృష్టిలో ఒక క్లబ్ కోచ్‌ను కొలవడానికి కప్పుల కన్నా నమ్మకమైన కొలమానం ఇదే. తన దగ్గరకు వచ్చినప్పటి కన్నా వెళ్ళేటప్పుడు ఆ అమ్మాయి ఎంత మెరుగ్గా ఉందన్నదే ప్రశ్న. ఏడాది పొడవునా, వారంలో నాలుగైదు రోజులు అదే మైదానంలో, అవే ముఖాలతో చేసే పని అది. ఈ రోజువారీ పనిలో రీసే ఎవరికీ తీసిపోరని ఎల్‌ఎస్‌కే చూపించింది.

2021 జనవరిలో ఆమె ఇంగ్లండ్ జట్టుకు సహాయ కోచ్‌గా వెళ్ళారు. వెళ్ళిన కొద్ది రోజులకే ప్రధాన కోచ్ ఫిల్ నెవిల్ అమెరికాలోని ఇంటర్ మయామీకి వెళ్ళిపోవడంతో తాత్కాలిక బాధ్యత ఆమె మీద పడింది. కొత్త ప్రధాన కోచ్‌గా సరీనా వీగ్‌మన్ సెప్టెంబరులో రావలసి ఉంది. అంటే జట్టు తనది కాదు, వారసత్వం తనది కాదు, ఎన్నాళ్ళుంటారో అందరికీ ముందే తెలుసు. నార్తర్న్ ఐర్లండ్‌పై 6-0 గెలుపు, తరువాత ఫ్రాన్స్ చేతిలో 3-1, కెనడా చేతిలో 2-0 ఓటములు. ఆ వేసవిలో టోక్యో ఒలింపిక్స్‌కు గ్రేట్ బ్రిటన్ జట్టును కూడా ఆమే నడిపించారు. ఆ జట్టులో అత్యధికులు ఇంగ్లండ్ వారు, కొద్దిమంది మాత్రమే స్కాట్లండ్, వేల్స్ నుంచి. ఇతర సమయాల్లో ఒకరికొకరు ప్రత్యర్థులుగా ఉండేవారిని కొద్ది వారాల్లో ఒకే జట్టుగా నిలపాలి.

చిలీపై 2-0, జపాన్‌పై 1-0, కెనడాతో 1-1. ఆ కెనడాయే చివరికి స్వర్ణం గెలిచింది. గ్రూప్‌లో మొదటి స్థానంతో క్వార్టర్స్‌కు వచ్చి, జూలై 30న కషిమాలో ఆస్ట్రేలియాను ఎదుర్కొన్నారు. అలనా కెనడీ గోల్‌తో వెనుకబడిన బ్రిటన్, ఎలెన్ వైట్ 57, 66 నిమిషాల్లో కొట్టిన గోల్స్‌తో 2-1 ఆధిక్యంలోకి వచ్చింది. 89వ నిమిషం దాకా ఆ ఆధిక్యం నిలిచింది. అప్పుడు శామ్ కెర్ సమం చేసింది. అదనపు సమయంలో కరోలిన్ వీర్ తీసుకున్న పెనాల్టీని గోల్ కీపర్ టీగన్ మికా ఆపింది. ఆ వెంటనే మేరీ ఫౌలర్, మూడు నిమిషాలకు మళ్ళీ కెర్. వైట్ మూడో గోల్ కొట్టినా మ్యాచ్ 4-3తో చేజారింది. ఆ రోజు నేను టీవీ ముందు కూర్చుని, చివరి నిమిషాల్లో ఆధిక్యాన్ని కాపాడుకోవడంలో జట్టు వెనక్కి వెనక్కి జరిగిపోవడాన్ని బాధతో చూశాను. అక్కడ కోచ్ బాధ్యత లేదని నేను అనను. కానీ ఆ పెనాల్టీ లోపలికి వెళ్ళి ఉంటే ఇవాళ ఆమె గురించి మాట్లాడేవారి గొంతు వేరుగా ఉండేదన్నదీ నిజమే.

అక్కడి నుంచి ఆమె నార్వే అండర్-19 బాలికల జట్టుకు వెళ్ళారు. 2022 వేసవిలో ఆ జట్టు యూరోపియన్ ఫైనల్‌కు చేరి జూలై 9న స్పెయిన్ చేతిలో 2-1తో ఓడింది. సరిగ్గా రెండు రోజుల తరువాత, జూలై 11న, పెద్దల యూరోపియన్ పోటీలో భాగంగా బ్రైటన్‌లో నార్వే పెద్ద జట్టు ఇంగ్లండ్ చేతిలో 8-0తో ఓడిపోయింది. ఆ తరువాత ఆస్ట్రియా చేతిలో కూడా 1-0తో ఓడి గ్రూప్ దశలోనే ఇంటిముఖం పట్టింది. కోచ్ మార్టిన్ షోగ్రెన్ తప్పుకున్నారు. ఆగస్టులో ఆ కుర్చీలో రీసేను కూర్చోబెట్టారు. అదే ఏడాది మార్చిలో నార్వే సంఘానికి మాజీ క్రీడాకారిణి లీసే క్లావెనెస్ మొదటి మహిళా అధ్యక్షురాలు అయ్యారు. దేశపు ఉత్తమ క్రీడాకారిణుల్లో ఒకరైన ఆడా హేగెర్‌బర్గ్, 2017 నుంచి జాతీయ జట్టుకు దూరంగా ఉండి, ఆ మార్చిలోనే తిరిగి వచ్చింది. బయటి నుంచి చూసినవారికి అన్నీ కలిసి వచ్చినట్టే కనిపించింది. సెప్టెంబరులో బెల్జియంను 1-0తో ఓడించి ప్రపంచ కప్పుకు అర్హత సాధించారు కూడా.

అయితే ఆమె చేతికి వచ్చింది ఎనిమిది గోల్స్ తిన్న జట్టు. డిఫెన్స్ మీద నమ్మకం చెదిరిపోయిన జట్టును మళ్ళీ కట్టాలంటే రోజూ మైదానంలో కలిసి ఉండే సమయం కావాలి. జాతీయ జట్టు కోచ్‌కు సరిగ్గా అదే దొరకదు. ఏడాదిలో కొన్ని విడతలు, ఒక్కో విడతలో పది రోజులు, అందులో రెండు రోజులు ప్రయాణానికి, రెండు రోజులు అలసట తీర్చుకోవడానికి, రెండు మ్యాచ్‌లకు. మిగిలింది నాలుగు సెషన్లు. ఆ నాలుగు సెషన్లలో బార్సిలోనా, లియోన్, చెల్సీ నుంచి మూడు రకాల ఫుట్‌బాల్ అలవాట్లతో వచ్చిన పెద్ద పేర్లను ఒకే ఆటలో ఇమడ్చాలి. పెల్లెరూడ్ కాలంలో నార్వే క్రీడాకారిణుల్లో చాలామంది స్వదేశీ క్లబ్‌లలోనే ఆడేవారు, పద్ధతి ఒక్కటే, జట్టుకు అది కంఠస్థం. రీసే తాను ఎదిగిన వాతావరణంలోని ఆ సౌకర్యాన్ని తన జట్టుకు ఇవ్వలేని కాలంలో కోచ్ అయ్యారు.

2023 జూలై 20న ఆక్లాండ్‌లో ప్రపంచ కప్పు ప్రారంభ మ్యాచ్. అంతవరకూ ప్రపంచ కప్పులో ఒక్క మ్యాచ్ కూడా గెలవని న్యూజిలాండ్, హానా విల్కిన్సన్ గోల్‌తో నార్వేను 1-0తో ఓడించింది. తరువాత స్విట్జర్లాండ్‌తో మ్యాచ్‌కు రీసే కరోలీనా గ్రాహం హాన్సెన్‌ను మొదటి పదకొండు మందిలో ఆడించలేదు. నెలన్నర క్రితమే బార్సిలోనాతో ఛాంపియన్స్ లీగ్ గెలిచిన క్రీడాకారిణి ఆమె. జాతీయ గీతాలు ముగిసి ఆట మొదలయ్యే క్షణంలో హేగెర్‌బర్గ్ గాయంతో మైదానం వదిలి వెళ్ళిపోయింది. 0-0. మ్యాచ్ తరువాత గ్రాహం హాన్సెన్ విలేకరుల ముందే తన అసంతృప్తిని వెళ్ళగక్కి, తరువాత క్షమాపణ చెప్పింది. ఆ ఎంపికను నేను ఇప్పటికీ సమర్థించలేను. ఓడిన మ్యాచ్ తరువాత జట్టులో మార్పు కావాలనుకోవడం సహజమే. కానీ గోల్ కొట్టలేకపోయిన జట్టు నుంచి ఆట మలుపు తిప్పగల అత్యుత్తమ కాళ్ళను పక్కన పెట్టడానికి చాలా బలమైన కారణం కావాలి, ఆ కారణం ఆ క్రీడాకారిణికి ముందుగా అర్థమై ఉండాలి. క్లబ్‌లో అయితే అటువంటి నిర్ణయానికి ముందు, తరువాత మాట్లాడుకోవడానికి వారాలు ఉంటాయి. ప్రపంచ కప్పులో రెండు మ్యాచ్‌ల నడుమ నాలుగైదు రోజులే.

ఫిలిప్పీన్స్‌పై 6-0తో గెలిచి, గోల్ వ్యత్యాసంతో న్యూజిలాండ్‌ను దాటి నార్వే ముందుకు వెళ్ళింది. ఆగస్టు 5న వెల్లింగ్టన్‌లో జపాన్ ఎదురుపడింది. ఎంగెన్ సెల్ఫ్ గోల్‌తో వెనుకబడ్డారు, ఐదు నిమిషాల్లో రైటెన్ తలతో కొట్టి సమం చేసింది. ఎల్‌ఎస్‌కేలో రీసే చేతుల మీదుగా వెళ్ళిన ఇద్దరూ ఒకే మ్యాచ్‌లో, ఒకరు పొరపాటుగా, ఒకరు కావాలని, గోల్ వేశారు. రెండో సగంలో జపాన్ రిసా షిమిజు, హినాటా మియాజావా గోల్స్‌తో 3-1గా గెలిచింది. ఒకప్పుడు రీసే వెళ్ళి ఆడిన దేశం, తరువాత పాతికేళ్ళలో బంతిని నేల మీద నడిపే ఆటను ఎంత ఓపికగా పెంచుకుందో ఆ మ్యాచ్‌లో కళ్ళకు కట్టింది. ఆ ఏడాది ముగియకముందే రీసే పదవి నుంచి తప్పుకున్నారు. 2024 జనవరిలో వేల్స్ కోచ్‌గా ఉన్న గెమ్మా గ్రెయింజర్‌ను నార్వే నియమించుకుంది.

కాబట్టి ఆమె కోచింగ్‌ను ఒకే మాటలో తేల్చవద్దని నా మనవి. అండర్-19 జట్టుతో ఫైనల్, క్లబ్‌తో మూడు లీగ్ టైటిల్స్, సహాయ కోచ్‌గా ఒలింపిక్ స్వర్ణం ఒక వైపు ఉన్నాయి. తక్కువ కాలంలో, పెద్ద పేర్ల మధ్య, తీవ్రమైన ఒత్తిడిలో నిర్ణయం తీసుకోవలసిన చోట తడబడటం మరో వైపు ఉంది. రెండూ ఆమెవే. ఆడిన కాలపు కీర్తి ఆమెకు తలుపులు తెరిచింది, నేర్పే పనిని మాత్రం ఆమె విడిగా, మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది. నేర్చుకున్నారు కూడా. మూడు లీగ్ టైటిల్స్‌ను పాత పేరు ఎవరికీ గెలిచి పెట్టదు.

ఇక మీ సంగతి. మీరు విశ్వవిద్యాలయ స్థాయిలో మిడ్‌ఫీల్డ్‌లో ఆడానని రాశారు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కోచ్‌లకు ఇచ్చే డి లైసెన్సు కోర్సుకు దరఖాస్తు చేయండి, అది అవసరమే. కానీ సర్టిఫికెట్టు చేతికి రాగానే సొంత జట్టు కోసం వెతకవద్దు. కనీసం ఒక పూర్తి సీజన్, వీలైతే రెండు, మీకన్నా అనుభవం ఉన్న కోచ్ దగ్గర సహాయకురాలిగా ఉండండి. జీతం తక్కువైనా, మీకన్నా తక్కువ ఆడినవారైనా సరే. రోజూ సాయంత్రం ఒక నోట్‌బుక్‌లో మూడు విషయాలు రాసుకోండి: ఏ అమ్మాయి ఇవాళ ఏమి చేయలేకపోయింది, కోచ్ దానికి ఏ మాట వాడారు, ఆ మాట తరువాత ఆమె కాలు మారిందా. రెండవ నెలకే మీకు తేలికగా వచ్చిన పనులను మాటల్లో పెట్టడం మొదలవుతుంది. పల్లెల నుంచి వచ్చే అమ్మాయిల ఇళ్ళకు వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడే పని కూడా ఆ కోచ్ దగ్గరే నేర్చుకోండి. మన జిల్లాల్లో సగం శిక్షణ ఆ ఇళ్ళ అరుగుల మీదే జరుగుతుంది, ఏ లైసెన్సు కోర్సులోనూ దాన్ని చెప్పరు.

వీలు దొరికితే కషిమా క్వార్టర్ ఫైనల్ పూర్తి రికార్డింగ్ సంపాదించి రెండుసార్లు చూడండి. మొదటిసారి క్రీడాకారిణిగా, బంతి వెంట. రెండవసారి బంతిని వదిలేసి, 66వ నిమిషం నుంచి 89వ నిమిషం దాకా బ్రిటన్ వెనుక వరుస ఎక్కడ నిలబడుతోందో, మిడ్‌ఫీల్డ్‌కూ దానికీ మధ్య ఎంత ఖాళీ వస్తోందో మాత్రమే చూడండి. ఆ ఇరవై మూడు నిమిషాల్లో మీరైతే ఏ క్షణంలో, ఎవరిని, ఏ మాట చెప్పి మైదానంలోకి పంపేవారో రాసి నాకు పంపండి. మీరు రాసినదాని మీద తరువాత వివరంగా మాట్లాడుకుందాం.